ఆంగ్లంలో ఎవరిని ఎలా ప్రస్తావించాలి: లింగ తటస్థ సర్వనామాలు, గౌరవ పదాలు

ఆంగ్లంలో ఉత్తరమో మెయిలో రాయడానికి కూర్చున్నప్పుడు చిక్కు చాలాసార్లు మొదటి పంక్తిలోనే వస్తుంది. అవతలివారి పేరు జోర్డన్ అనో, రాబిన్ అనో, టేలర్ అనో ఉంటుంది. ఈ పేర్లు పురుషులకూ ఉన్నాయి, స్త్రీలకూ ఉన్నాయి. పలకరింపులో మిస్టర్ అనాలో మిజ్ అనాలో తెలియదు, తర్వాతి వాక్యంలో హీ అనాలో షీ అనాలో అంతకన్నా తెలియదు. మన పేర్లతో విదేశీయులు పడే ఇబ్బంది కూడా ఇదే. కిరణ్, సాయి, శశి, జయ, చంద్ర వంటి పేర్లు మనలో ఆడవారికీ మగవారికీ పెడతారు. పైగా ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల ఏది పేరో, ఏది ఇంటిపేరో కూడా వారికి అర్థం కాదు. అందువల్ల లక్ష్మీనారాయణ గారికి ‘డియర్ మిజ్ లక్ష్మి’ అంటూ ఉత్తరం వచ్చిందంటే ఆశ్చర్యపోవలసింది లేదు.

దీనికి తోడు, తమను హీ అనీ షీ అనీ కాకుండా దే అని ప్రస్తావించమని కోరేవారు సహోద్యోగుల్లోనూ సహాధ్యాయుల్లోనూ ఇప్పుడు కనిపిస్తున్నారు. మొదటిది మనకు సమాచారం లేని సందర్భం. రెండోది సమాచారం ఉండి, దాన్ని పాటించవలసిన సందర్భం. వాక్యంలో రెండు చోట్లా దే అనే మాటే వాడవలసి వచ్చినా, ఈ రెండింటినీ విడివిడిగా చూసుకుంటేనే ఎక్కడ ఏం రాయాలో తేలుతుంది.

ముందుగా చూడవలసినవి

ఎదుటివారు తమ గురించి తాము ఏం రాసుకున్నారో చూడడం మొదటి పని. మెయిలు చివర సంతకంలో పేరు పక్కన షీ/హర్, హీ/హిమ్, దే/దెమ్ అని ఉంటే ఇక వెతకవలసిన పని లేదు. లింక్డ్‌ఇన్, జూమ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో 2021 నుంచి సర్వనామాలు రాసుకోవడానికి విడిగా చోటు ఉంది. విశ్వవిద్యాలయ ఆచార్యులకైతే వారి శాఖ వెబ్‌సైటులో పరిచయ వాక్యాలు ఉంటాయి. అవి ఎక్కువగా ప్రథమ పురుషలో, అంటే వేరొకరు వారి గురించి చెబుతున్నట్టుగా రాసి ఉంటాయి కాబట్టి, హీ అనో షీ అనో దే అనో అక్కడే తెలిసిపోతుంది. సంతకంలో షీ/దే అని రెండూ కలిపి ఉంటే, ఆ రెండింటిలో ఏది వాడినా తమకు సమ్మతమేనని సాధారణంగా అర్థం.

ఫొటో, గొంతు, పేరు చివరి అచ్చు ఇవేవీ ఆధారాలు కావు. ‘ఆ’తో ముగిసే పేరు స్త్రీలదై ఉండవచ్చని అనుకునే అలవాటు ఇటలీ నుంచి వచ్చిన ఆండ్రియా దగ్గర తలకిందులవుతుంది. అక్కడ అది ప్రధానంగా మగవారి పేరు, అమెరికాలో ఆడవారి పేరు. ఆధారం దొరకనప్పుడు ఊహించకుండా పూర్తి పేరు రాసేయడమే మేలు.

అడగవలసి వస్తే, అడిగే తీరు ముఖ్యం. పది మంది ఉన్న సమావేశంలో ఒకరినే వేలెత్తి చూపినట్టు అడగకూడదు. ముందు మన సంగతి చెప్పి, తర్వాత అడిగితే ఎబ్బెట్టుగా ఉండదు: ‘ఐ యూజ్ హీ అండ్ హిమ్. వాట్ ప్రొనౌన్స్ షుడ్ ఐ యూజ్ ఫర్ యూ?’ అంటే చాలు. ప్రిఫర్డ్ ప్రొనౌన్స్ అనే మాట కొన్నేళ్ల క్రితం బాగా వినిపించేది. అది కేవలం ఇష్టాయిష్టాల విషయంలా ధ్వనిస్తుందన్న అభ్యంతరంతో ఇప్పుడు చాలామంది ప్రొనౌన్స్ అని మాత్రమే అంటున్నారు. ఎదుటివారు చెప్పడానికి ఇష్టపడకపోతే మళ్లీ అడగకూడదు. తమ సర్వనామాలను బయటపెట్టడం ఎవరికీ విధి కాదు, అది తప్పనిసరి అని చెప్పే కార్యాలయ నియమం మంచిదని నేను అనుకోను.

దే అనే మాటను ఒక్కరికి వాడడం

బడిలో మనం నేర్చుకున్న వ్యాకరణం ప్రకారం దే బహువచనం. అందుకే ఒక్కరి గురించి దే అని రాయవలసి వస్తే మన చేయి కొంచెం ఆగుతుంది. కానీ ఆంగ్లంలో ఈ వాడుక 14వ శతాబ్దం నుంచే లిఖిత రూపంలో ఉంది. 18వ శతాబ్దపు వ్యాకరణకర్తలు దాన్ని తప్పుగా ఎంచి, స్త్రీపురుషులు ఇద్దరికీ హీ చాలునని సూత్రీకరించారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు, చట్టాల్లో పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని శాసనం చేసి ఆ పద్ధతికి అధికార ముద్ర వేసింది. అయినా మాట్లాడే భాష ఆ సూత్రాన్ని ఎన్నడూ పూర్తిగా లెక్కచేయలేదు. ‘సంబడీ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా’ అని ఇంగ్లీషువారు వందల ఏళ్లుగా అంటూనే ఉన్నారు. ఇప్పుడు ఏకవచనంగా మాత్రమే మనకు తోచే యూ కూడా ఒకప్పుడు బహువచనమే. ఒక్కరిని దౌ అనేవారు. 17వ శతాబ్దంలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు ఒక్కరిని యూ అనడం తప్పని గట్టిగా వాదించారు కూడా. వాదం వారిది, గెలుపు యూది.

ఇటీవలి మార్పులు నిఘంటువుల్లోనూ శైలి నియమావళుల్లోనూ కనిపిస్తాయి. స్త్రీ, పురుష విభజనకు లోబడని ఒక వ్యక్తిని ఉద్దేశించి దే అని వాడే అర్థాన్ని 2019 సెప్టెంబరులో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు చేర్చుకుంది. ఆ ఏడాది మాటగా కూడా దే నే ఎంచింది. అదే ఏడాది వెలువడిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి నియమావళి ఏడో కూర్పు, పరిశోధన వ్యాసాల్లో ఏకవచన దే ను వాడమని సూచించింది. అమెరికాలో మానసిక శాస్త్రం, విద్య, నర్సింగ్ వంటి విభాగాల్లో చదివే మన పిల్లలు ఎక్కువగా ఈ నియమావళినే పాటించవలసి ఉంటుంది కాబట్టి, ‘హీ ఆర్ షీ’ అని రాసి మార్కులు పోగొట్టుకునేకంటే దీన్ని అలవాటు చేసుకోవడం నయం.

వాడేటప్పుడు గుర్తుంచుకోవలసిన వ్యాకరణం కొద్దిపాటిదే. కానీ మనవారు తడబడేది అక్కడే. ఒక్కరి గురించే అయినా దే పక్కన క్రియ బహువచనంలోనే ఉండాలి. దే ఈజ్ కాదు, దే ఆర్. దే హాజ్ కాదు, దే హావ్. పేరు వాడినప్పుడు మాత్రం క్రియ ఏకవచనానికి మారుతుంది. ‘అలెక్స్ ఈజ్ ఆన్ లీవ్ టుడే, బట్ దే ఆర్ చెకింగ్ దెయిర్ మెయిల్’ అనే వాక్యంలో ఈజ్, ఆర్ రెండూ ఒకే వ్యక్తివే, రెండూ సరైనవే. ఒక్కరికే వాడే యూ పక్కన యూ ఆర్ అంటున్నామే తప్ప యూ ఈజ్ అనడం లేదు కదా, ఇదీ అంతే. దెమ్, దెయిర్, దెయిర్స్ రూపాల్లో ఏ మార్పూ లేదు. ‘తమను తాము’ అనే అర్థంలో మాత్రం దెమ్‌సెల్వ్స్, దెమ్‌సెల్ఫ్ అని రెండు రూపాలు వాడుకలో ఉన్నాయి. దెమ్‌సెల్ఫ్ పాత రూపమే, ఇటీవల మళ్లీ ప్రచారంలోకి వచ్చింది. ఒక్క వ్యక్తి అని స్పష్టంగా తెలిసినప్పుడు అది సహజంగా ఉంటుంది. కానీ మనం రాసే సంస్థ దాన్ని తప్పుగా పరిగణిస్తుందేమోనన్న సందేహం ఉంటే దెమ్‌సెల్వ్స్ అని రాస్తే ఎవరూ కాదనరు.

అర్థ సందిగ్ధం వచ్చే చోట జాగ్రత్తపడాలి. ‘అలెక్స్ మెట్ ద క్లయింట్స్ బిఫోర్ దే లెఫ్ట్’ అంటే వెళ్లింది అలెక్సా, క్లయింట్లా? ఇక్కడ దే ను సమర్థించుకుంటూ కూర్చోవడం కన్నా పేరును మరోసారి రాయడం, లేదా వాక్యం తిరగరాయడం తెలివైన పని: ‘బిఫోర్ ద క్లయింట్స్ లెఫ్ట్, అలెక్స్ మెట్ దెమ్’. నివేదికల్లో, వైద్య సంబంధ కాగితాల్లో, న్యాయపరమైన ఉత్తరాల్లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. హీ, షీ లతోనూ ఇలాంటి సందిగ్ధం వస్తుందనేది నిజమే, ‘రవి టోల్డ్ సురేష్ దట్ హీ వాజ్ లేట్’ అన్నా ఎవరు ఆలస్యమయ్యారో తెలియదు. అందువల్ల ఇది దే ఒక్కదాని లోపం కాదు.

తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మనకు వారు అనే సర్వనామం గౌరవం కోసం ఒక్కరికి వాడడం పుట్టుకతో వచ్చిన అలవాటు. ‘మా నాన్నగారు వచ్చారు, వారు రేపు ఉంటారు’ అన్నప్పుడు వారు ఒక్కరే. ఆ అలవాటుతో కొందరు ఆంగ్లంలోనూ ‘మై ఫాదర్ హాజ్ కమ్, దే విల్ స్టే టుమారో’ అంటారు. ఆంగ్లంలో దే కు ఆ గౌరవార్థం లేదు. హీ అని తెలిసిన పెద్దవారిని దే అంటే, వినేవారికి ఆయన సర్వనామం దే అనో, లేక ఆయనతో ఇంకెవరో వచ్చారనో అర్థమవుతుంది. హీ అనడం ఆ భాషలో అమర్యాద కాదు. దే ని లింగం తెలియనప్పుడు, చెప్పనవసరం లేనప్పుడు, లేదా ఆ వ్యక్తే కోరినప్పుడు వాడాలి. హీ అనో షీ అనో తమకు సరిపోతుందని చెప్పినవారిని పట్టుబట్టి దే అనడం కూడా వారి మాటను కాదనడమే.

జీ, జీర్, ఎక్సీ, ఎయ్ వంటి కొత్త సర్వనామాలు కూడా కొందరు వాడతారు. ఇలాంటి ప్రయోగాలు నిన్న మొన్నటివి కావు. థాన్ అనే సర్వనామాన్ని అమెరికా స్వరకర్త చార్లెస్ క్రోజాట్ కన్వర్స్ 19వ శతాబ్దంలోనే ప్రతిపాదించారు. అది 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులో చేరి, 1961 కూర్పులో తొలగిపోయింది. మనంతట మనం వీటిని ఎవరికీ ఆపాదించకూడదు. ఎవరైనా వాడమని చెబితే, దాని అన్ని రూపాలనూ అడిగి రాసుకుని వాడితే సరిపోతుంది.

సర్వనామమే అక్కరలేని వాక్యాలు

ప్రకటనలు, నియమాలు, దరఖాస్తు సూచనలు రాసేవారికి నా సలహా ఏమిటంటే, దే దాకా వెళ్లకముందే వాక్యాన్ని ఒకసారి తిప్పి చూడాలి. ‘ఎ క్యాండిడేట్ మస్ట్ బ్రింగ్ హిజ్ హాల్ టికెట్’ అని ఉందనుకుందాం. దీన్ని బహువచనం చేస్తే ‘క్యాండిడేట్స్ మస్ట్ బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్స్’ అవుతుంది. హిజ్ స్థానంలో ద పెడితే ‘ద హాల్ టికెట్’ అవుతుంది, అర్థానికి ఏ నష్టమూ లేదు. నేరుగా చదివేవారితో మాట్లాడితే ‘బ్రింగ్ యువర్ హాల్ టికెట్’ అని నాలుగు మాటల్లో పని పూర్తవుతుంది. ‘ఇఫ్ ఎ స్టూడెంట్ లూజెస్ హిజ్ కార్డ్, హీ షల్ పే ఎ ఫైన్’ అనే పాత పద్ధతి వాక్యం ‘ఎ స్టూడెంట్ హూ లూజెస్ ద కార్డ్ షల్ పే ఎ ఫైన్’ అయితే హీ, హిజ్ రెండూ మాయమవుతాయి, వాక్యం పొట్టిగా కూడా అవుతుంది. ఈ నాలుగు మార్గాల్లోనూ కుదరకపోతే అప్పుడు దే రాయాలి.

‘హీ ఆర్ షీ’ అనేది తప్పు కాదు, కానీ ఒక పేజీలో ఐదారు సార్లు వస్తే చదివేవారికి విసుగు. ఏటవాలు గీతతో రాసే హీ/షీ, హిజ్/హర్ దరఖాస్తు ఫారాల్లో చెల్లుతాయేమో గాని వ్యాసంలో కంటిలో నలుసులా ఉంటాయి. పైగా ఆ రెండిటిలోనూ తమకు చోటు లేనివారు బయటే మిగిలిపోతారు. ఒక పేరాలో హీ, తర్వాతి పేరాలో షీ అని మార్చి మార్చి రాసే పద్ధతి అన్నింటికన్నా గందరగోళం. చదివేవారు ఇద్దరు వ్యక్తుల గురించి రాస్తున్నారనుకుంటారు.

మన దేశపు చట్టాల భాషలో ఈ మార్పు ఆసక్తికరంగా సాగింది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 13వ సెక్షను పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని చెబుతుంది. రాజ్యాంగపు ఆంగ్ల పాఠం రాష్ట్రపతిని హీ అనే ప్రస్తావిస్తుంది; 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపది ముర్ము ఆ హీ కింద ఉన్న అధికరణాల ప్రకారమే పదవీ బాధ్యతలు చేపట్టారు. 2014లో, మీరా కుమార్ స్పీకర్‌గా ఉన్న కాలంలో, లోక్‌సభ నియమావళిని లింగ తటస్థంగా సవరించారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మరో దారి పట్టింది: వ్యక్తి ఎవరైనా సరే, లింగంతో నిమిత్తం లేకుండా, షీ అనే మాట వర్తిస్తుందని నిర్వచనాల్లోనే చెప్పి, చట్టమంతటా షీ, హర్ వాడింది. ఆ చట్టాన్ని ఆంగ్లంలో చదివేటప్పుడు అది స్త్రీల కోసం చేసినదని పొరబడకూడదు. గురువింద గింజకు రంగు రెండో వైపు మార్చినట్టుంది గాని సమస్య తీరలేదని నా అభిప్రాయం. సంస్థల నియమావళి రాసేవారు దీన్ని అనుకరించకుండా పైన చెప్పిన మార్గాలే పాటించడం మంచిది.

మిస్టర్, మిజ్, మిక్స్

ఆంగ్ల గౌరవ పదాల్లో మిస్టర్ మగవారి పెళ్లి సంగతి చెప్పదు. మిస్, మిసెస్ మాత్రం ఆడవారి పెళ్లి సంగతి చాటుతాయి. ఈ తేడా పోగొట్టడానికి ఎం, ఎస్ అక్షరాలతో రాసి మిజ్ అని పలికే పదాన్ని 1901లోనే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక పత్రిక ప్రతిపాదించింది. 1960లలో అమెరికా స్త్రీవాది షీలా మైకేల్స్ దాన్ని మళ్లీ ప్రచారంలోకి తెచ్చారు. న్యూయార్క్ టైమ్స్ మాత్రం 1986 దాకా దాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి స్త్రీ అని తెలిసి, పెళ్లి సంగతి తెలియనప్పుడు, తెలిసినా సంబంధం లేనప్పుడు, మిజ్ అని రాయాలి. మిసెస్ అని ఆమె తనంతట తాను సంతకం చేస్తే తప్ప మనం మిసెస్ అనకూడదు.

ఎం, ఎక్స్ అక్షరాలతో రాసే పదం స్త్రీ, పురుష భేదమేదీ చెప్పదు. దాన్ని మిక్స్ అని గాని, మ, క్స్ కలిపి మక్స్ లాగా గాని పలుకుతారు. అది 1977లో అమెరికాలో అచ్చులో కనిపించినా, ఎక్కువగా స్థిరపడింది బ్రిటన్‌లో. 2013లో బ్రైటన్ అండ్ హోవ్ నగర మండలి తన ఫారాల్లో దీన్ని చేర్చాలని నిర్ణయించింది. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి వచ్చింది. 2017లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు బ్రిటన్‌లోని తన ఖాతాదారులకు దీంతో కలిపి పది లింగ తటస్థ గౌరవ పదాలను ఎంచుకునే వీలు కల్పించింది. బ్రిటిష్ పద్ధతిలో దాని పక్కన చుక్క పెట్టరు, అమెరికన్ పద్ధతిలో పెడతారు. మిస్టర్, మిజ్ లకూ అదే తేడా.

ఈ పదం విషయంలో మనవారు చేసే పొరపాటు ఒకటుంది. లింగం తెలియని ప్రతి ఒక్కరికీ దీన్ని తగిలించడం క్షేమమని అనుకుంటారు. అది అలా పనిచేయదు. దే కు ‘తెలియదు’ అనే తటస్థార్థం కూడా ఉంది, కానీ మిక్స్ చూసినవారు అది ఆ వ్యక్తి ఎంచుకున్న పదమే అనుకుంటారు. అందువల్ల వారు స్వయంగా వాడినప్పుడే మనం వాడాలి. మిగిలిన చోట్ల గౌరవ పదం వదిలేసి ‘డియర్ జోర్డన్ లీ’ అని పూర్తి పేరు రాస్తే మర్యాదకు ఏ లోటూ రాదు. పేరు ముందు ఏమీ లేకుండా రాయడం మనకు మొరటుగా తోస్తుంది, ఎందుకంటే గారు లేని పేరు మన చెవికి బోసిగా వినిపిస్తుంది. ఆంగ్లంలో ఆ లోటు ఎవరికీ అనిపించదు. ఆచార్యులకు ప్రొఫెసర్, వైద్యులకూ పరిశోధన పట్టా ఉన్నవారికీ డాక్టర్ అని రాస్తే లింగం ప్రసక్తే రాదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేరగోరే విద్యార్థులు ఆచార్యులకు రాసే మొదటి మెయిలులో ‘డియర్ ప్రొఫెసర్’ అని, పక్కన ఇంటిపేరు రాయాలి. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టడం అక్కడ వాడుకలో లేదు, అది చదివే ఆచార్యురాలికి తన పేరైనా చూసుకోలేదన్న అభిప్రాయం కలిగిస్తుంది.

మన పేరు విషయంలోనూ ఎదుటివారికి సాయపడవచ్చు. ఇంటిపేరు ముందు వచ్చేట్టు రాసుకునేవారు విదేశీ ఉత్తరాల్లో సంతకం కింద తమను ఏ పేరుతో పిలవాలో ఒక పంక్తి చేర్చుకోవచ్చు. కిరణ్, శశి వంటి పేరున్నవారు పేరు పక్కన హీ/హిమ్ అనో షీ/హర్ అనో రాసుకుంటే అవతలివారికి ఊహించే శ్రమ తప్పుతుంది. సర్వనామాలు రాసుకోవడం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ, నాన్‌బైనరీ, అంటే స్త్రీ, పురుష విభజనకు లోబడని వ్యక్తులకూ మాత్రమే పరిమితమని చాలామంది అనుకుంటారు గాని, తెలుగు పేరున్న ఎవరికైనా అది విదేశాల్లో ఉపయోగపడే సమాచారమే.

సర్, మేడమ్, పదవుల పేర్లు

పేరే తెలియని చోట ‘డియర్ సర్ ఆర్ మేడమ్’ పాత పద్ధతి. దానికి బదులు ఉత్తరం వెళ్లే చోటును పిలవాలి: ఉద్యోగ దరఖాస్తుకు ‘డియర్ హైరింగ్ కమిటీ’, ప్రవేశాలకు ‘డియర్ అడ్మిషన్స్ టీమ్’, పత్రికకు ‘డియర్ ఎడిటర్’. ఎదురుగా ఉన్న అపరిచితులను పిలవడానికి ‘ఎక్స్‌క్యూజ్ మీ’ సరిపోతుంది. మన కార్యాలయాల్లో ప్రతి వాక్యం చివర సర్ అనడం మర్యాద కింద చెల్లుతుంది. ఆ అలవాటును ఫోనులో విదేశీ ఖాతాదారులతో మాట్లాడేటప్పుడు తగ్గించుకోవాలి, ఎందుకంటే గొంతును బట్టి సర్ అన్నాక అవతలివారు తమ పేరు చెప్పి సరిదిద్దవలసి రావడం ఇద్దరికీ ఇబ్బంది.

పదవుల పేర్లకు ఎక్కువ కష్టపడనవసరం లేదు. చైర్మన్‌కు చైర్ లేదా చైర్‌పర్సన్, పోలీస్‌మన్‌కు పోలీస్ ఆఫీసర్, ఎయిర్ హోస్టెస్‌కు ఫ్లైట్ అటెండెంట్, మ్యాన్‌పవర్‌కు స్టాఫ్ అని ఆంగ్ల పత్రికల్లో ఎప్పుడో స్థిరపడ్డాయి. క్రికెట్ నియమాలకు కర్త అయిన మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ 2021 సెప్టెంబరులో బ్యాట్స్‌మన్ స్థానంలో బ్యాటర్ అని మార్చింది. బౌలర్, ఫీల్డర్, అంపైర్ మొదటి నుంచీ తటస్థమే.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఆంగ్ల వార్తను తెలుగు చేసేవారికి, స్నేహితుల గురించి ఇంట్లో చెప్పవలసి వచ్చే విద్యార్థులకు, ఇది అన్నింటికన్నా చిక్కైన చోటు. గాయకుడు అనే మాటే లింగం చెప్పేస్తుంది. బ్రిటన్‌కు చెందిన శామ్ స్మిత్ తమ సర్వనామాలు దే, దెమ్ అని 2019 సెప్టెంబరులో ప్రకటించారు. వారి గురించిన ఆంగ్ల వాక్యంలో దే కనబడగానే ‘వాళ్లు’ అని తెలుగు చేస్తే, చదివేవారు అది ఏదో బృందం అనుకుంటారు. ‘శామ్ సెడ్ దే వుడ్ టూర్’ అనే వాక్యాన్ని ‘వాళ్లు పర్యటిస్తారని శామ్ చెప్పాడు’ అని రాస్తే రెండు తప్పులు: ఒకరు పలువురయ్యారు, వద్దన్న పుంలింగం క్రియలో వచ్చి చేరింది. ‘తాను పర్యటనకు వెళ్తానని శామ్ చెప్పారు’ అని రాస్తే రెండూ తొలగిపోతాయి. తాను, తను అనే మాటలకు లింగం లేదు. చెప్పారు, వచ్చారు, రాశారు అనే గౌరవ క్రియకూ లింగం లేదు. గాయకుడు, గాయని అనకుండా ‘పాప్ సంగీతంలో పేరొందిన శామ్’ అనో, ‘పాటలు రాసి పాడే శామ్’ అనో రాయవచ్చు.

ఇంట్లో మాటల్లో మాత్రం తోటి వయసు స్నేహితులను ‘వచ్చారు, తిన్నారు’ అనడం కాస్త పెద్దరికంగా వినిపిస్తుంది. తను అనే మాట అక్కడ సగం దూరం మాత్రమే వస్తుంది, ఎందుకంటే తను వచ్చాడు, తను వచ్చింది అని క్రియ దగ్గర లింగం బయటపడుతుంది. ‘అలెక్స్‌తో కలిసి తిన్నాను’, ‘అలెక్స్‌కు రేపు పరీక్ష ఉంది’, ‘అలెక్స్ రావడం ఆలస్యమైంది’ అని వాక్యాన్ని మలుచుకుంటే ఆ క్రియ అవసరమే పడదు. తెలుగులో ఈ వెసులుబాటు చాలా ఉంది.

సర్వనామాలు మారవచ్చనేదీ గుర్తుంచుకోవాలి. అమెరికా గాయని డెమీ లొవాటో 2021లో దే, దెమ్ వాడమని కోరి, 2022లో షీ, హర్ కూడా తిరిగి స్వీకరించారు. పాత వార్తను బట్టి కొత్త వాక్యం రాయకూడదు.

ఎవరి ముందు ఏది అనాలి, తప్పితే ఏం చేయాలి

ఒకరు మనకు నమ్మకంతో తమ సర్వనామం చెప్పారంటే, దాన్ని అందరి ముందూ వాడమని చెప్పినట్టు కాదు. స్నేహితుల మధ్య దే అయినవారు తల్లిదండ్రుల దగ్గర, యజమాని దగ్గర ఆ సంగతి చెప్పి ఉండకపోవచ్చు. ముఖ్యంగా విదేశంలో చదివే పిల్లల స్నేహితులు ఊళ్లో పెద్దలతో ఫోను మాట్లాడేటప్పుడు మనం నోరు జారితే, వారు ఎప్పుడు ఎలా చెప్పాలనుకున్నారో ఆ అవకాశం మన చేతిలో పోతుంది. ‘ఇంట్లో వాళ్లతో మాట్లాడేటప్పుడు ఏమని అనమంటావు?’ అని ముందే అడిగి ఉంచుకోవడం అవసరం. మన సుప్రీంకోర్టు జాతీయ న్యాయ సేవల సంస్థ (నాల్సా) కేసులో ఇచ్చిన 2014 నాటి తీర్పులో తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకునే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉందని చెప్పింది. దాన్ని ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది కూడా వారి చేతిలోనే ఉండాలని నేను అనుకుంటాను.

మాట్లాడుతూ తప్పు సర్వనామం వచ్చేస్తే, అక్కడికక్కడే సరైనది చెప్పి వాక్యం కొనసాగించాలి: ‘హీ, సారీ, దే సెంట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే.’ నిమిషాల పాటు క్షమాపణలు చెబితే, ఎదుటివారే మనల్ని ఓదార్చవలసి వస్తుంది. వేరొకరు తప్పు పలికినప్పుడు మనం తర్వాతి వాక్యంలో సరైన రూపం వాడితే చాలాసార్లు అదే పనిచేస్తుంది.

ఇక రాసిన కాగితాన్ని పంపేముందు చేయవలసిన పని ఒకటి ఉంది. వర్డ్‌లో గాని గూగుల్ డాక్స్‌లో గాని హీ, హిమ్, హిజ్, సర్, మ్యాన్ అనే మాటలను ఒక్కొక్కటిగా వెతికి, వచ్చిన ప్రతి చోటా ఆ వాక్యాన్ని చదవాలి. వర్డ్‌లో వెతికేటప్పుడు పూర్తి పదాలనే చూపమనే ఎంపికను పెట్టుకోకపోతే, ద అనే పదంలోని హీ, దిస్ అనే పదంలోని హిజ్ కూడా కనిపించి పేజీ అంతా పసుపు రంగు పులుముకుంటుంది. అన్నిటినీ ఒకేసారి మార్చే బటన్ జోలికి మాత్రం వెళ్లకూడదు. హీ గోజ్ అనేది దే గో కావాలే తప్ప దే గోజ్ కాకూడదు. హిజ్ అనేది ఒక చోట దెయిర్, మరో చోట దెయిర్స్ అవుతుంది. చట్టం నుంచో, తీర్పు నుంచో, మరొకరి ఉత్తరం నుంచో యథాతథంగా ఉటంకించిన మాటల్లో హీ ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. మార్పులన్నీ ఆ కొటేషన్ గుర్తులకు బయటే జరగాలి.